మధ్య కుర్చీ

"మన టెంట్ హౌస్ పెట్టి ఇరవై ఏళ్ళయింది. ఒక్కసారైనా ఇంత ముచ్చటైన పందిరి వేశామా అండీ?" అంది రావమ్మ భర్తతో, మిరపకాయ బజ్జీ కొరుకుతూ.

కోటేశ్వరరావు తన బజ్జీ పక్కన పెట్టేశాడు. తోడల్లుడు కిరీటి ఎవరో వాడేసిన పాత కారవాన్, లోపలే వండుకుని పడుకునే బండి, కొన్నాడు. దాని పక్కనుంచి లాగి వేసుకునే గుడ్డ పందిరి పెట్టించాడు. షామియానాలే బతుకుగా ఉన్న తనని ఒక్క మాటైనా అడక్కుండా గవర్నర్‌పేటలో కుట్టించాడు. ఇప్పుడు మంగినపూడి బీచ్‌లో అందరినీ దాని కింద కూర్చోబెట్టి మురిసిపోతున్నాడు.

చినుకులుగా మొదలైన వాన పెరిగింది. పందిరి కాళ్ళు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. నీళ్ళు జారే దారిలేక గుడ్డ కడవలా ఉబ్బి కిందికి దిగింది, సరిగ్గా కిరీటి తలపైన. ఒక కాలు జానెడు దించితే చాలని అంచున కూర్చున్న కోటేశ్వరరావుకి తెలుసు. చెప్పలేదు. నీళ్ళు వాడి నెత్తిన పడనీ, అందరూ చూడనీ అనుకున్నాడు.

"జల్లుకి తడిసిపోతున్నారన్నయ్యా, ఇలా రండి."

కిరీటి లేచి, చెయ్యిపట్టి తీసుకొచ్చి, మధ్యలో ఉన్న తన కుర్చీలో కూర్చోబెట్టాడు. తను పోయి జల్లులో నిలబడ్డాడు.

కోటేశ్వరరావు తలెత్తి చూశాడు. కుట్టు పిగులుతోంది.

"కిరీటీ, ఆ మూల కాలు జానెడు దించు."

దించగానే నీళ్ళన్నీ ఒక్కసారిగా ఇసుకలోకి దూకాయి.

"మీరుండబట్టి సరిపోయింది. ఎప్పుడు చూశారన్నయ్యా?"

"ఇప్పుడే" అన్నాడు కోటేశ్వరరావు, లేచి వెళ్ళి తన తడి కుర్చీలోనే కూర్చుంటూ.