కదలని చుక్క

"ఇది కదలట్లేదు. తీసెయ్యాల్సిందే," అన్నాడు డాక్టర్ లరాయిన్.

తెల్లవారుతోంది. కొండ మీది టెలిస్కోపు ఇరవై నిమిషాలకొకటి చొప్పున తీసిన నాలుగు ఫొటోలు తెర మీదున్నాయి. నాలుగింట్లోనూ ఒక చుక్క ఒకే చోట ఉంది. టెలిస్కోపు గుమ్మటాన్ని తిప్పే మోటార్లకు గ్రీజు పెట్టే ఎలెయుతేరియో చేతులు తుడుచుకుంటూ వెనకే నిలబడ్డాడు.

"కదలట్లేదు గానీ లావెక్కుతోంది డాక్టర్. మొదటిదీ నాలుగోదీ పక్కపక్కన పెట్టి చూడండి."

"గ్రహశకలమంటే నక్షత్రాల మధ్య జరుగుతూ పోవాలి. జరగనిదానికి కక్ష్యేంటి? నీకు గ్రీజు తెలుసు, గ్రీజు సంగతి చూసుకో."

"ఇరవై ఏళ్ళు ఈ ఎడారిలో ఉప్పు లారీ తోలాను. పక్కకెళ్ళే లారీ దీపం జరుగుతుంది. నా మీదికొచ్చే లారీ దీపం ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంది. ఒక్కసారి ఆ కక్ష్యలు లెక్కగట్టే వాళ్ళకి పంపండి. ఎక్కడ పడుతుందో వాళ్ళే చెప్తారు."

"పోయినేడు పాత రాకెట్ ముక్కను గ్రహశకలమని పంపితే లోకమంతా నవ్వింది. నిన్ను చూసి కాదు, నన్ను చూసి."

ఎలెయుతేరియో అక్కణ్ణుంచి కదల్లేదు. డాక్టర్ కుర్చీ తిప్పాడు.

"అంత వణుకెందుకయ్యా? మీ ఊరు సోర్కోయ మీద పడుతుందనా? పన్నెండిళ్ళూ, నీ పెళ్ళాం నియెవెసూ, మీరు మేపుకునే నాలుగు లామాలూ! దానికి భూమ్మీద ఇంకెక్కడా చోటు దొరకలేదా? అయినా పడనీ. పడిన రాయికి పడిన ఊరి పేరే పెట్టడం మా ఆచారం. మీ ఊరు మ్యూజియానికెక్కుతుంది."

మీట నొక్కాడు. చుక్క పోయింది.

"పోనీ జీపు తాళం ఇవ్వండి. నియెవెస్‌ని తీసుకొచ్చుకుంటాను."

"జీపు శనివారమే కొండ దిగుతుంది."

ఆ రోజు గురువారం. ఊరు డెబ్భై కిలోమీటర్లు. ఎలెయుతేరియో నీళ్ళ సీసా చంకన పెట్టుకుని నడక మొదలెట్టాడు.

నాలుగు నెలల తర్వాత, రాజధాని శాంతియాగో మ్యూజియంలో ఒకటే చప్పట్లు. తీసేసిన చుక్కను మళ్ళీ ఆ ఫొటోల్లోంచి బయటికి లాగి, దాని కక్ష్య మొత్తం లెక్కగట్టిన డాక్టర్ లరాయిన్ వేదిక మీదున్నాడు. "దాన్ని అందరికంటే ముందు చూసింది మేమే," అంటున్నాడు. పక్కన గాజుపెట్టెలో, పడినదాంట్లోంచి ఏరిన ముక్క, పిడికిలంత నల్లరాయి.

గుమ్మం దగ్గర వచ్చినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం పట్టుకున్న అమ్మాయి లోపలికొస్తున్న ముసలాయన్ని ఆపింది.

"మీ పేరు పెద్దాయనా?"

"ఎలెయుతేరియో కోల్కే."

"ఊరు?"

ఆయన గాజుపెట్టె వైపు చెయ్యి చూపించాడు. పలక మీద పెద్ద అక్షరాలతో ఉంది: సోర్కోయ.

"అది రాయి పేరండీ. నేనడిగేది మీ ఊరు."

"మిగిలిందంతా అదేనమ్మా."