అయ్యగారి ఉపవాసం

“ఆయప్పకు లోపల ఏమన్నా అయితే పోలీసులు ముందు నిన్నే పట్టుకుంటార్రా పునీతూ. తాళంచెవి నీ జేబులో కదా ఉండేది.”

“ఆయన ఇంకా గదిలోకే పోలేదమ్మా. నువ్వు అప్పుడే పాడె కట్టేసినావు,” అన్నాడు చర్చికి కాపలా ఉండే కొడుకు, చొక్కా తొడుక్కుంటూ.

పిల్లమ్మకు నవ్వు రాలేదు. హోసూరు నుంచి వచ్చిన పాస్టరు తిలక్ ఆ రోజు నుంచి ఈస్టరు దాకా చర్చి పక్క గదిలో బయట తాళం వేయించుకుని, ఒట్టి నీళ్ల మీద ఉపవాసం ఉంటాడట. ఆ సంగతి ఆయన దేవుడికంటే ముందు ఫ్లెక్సీ వేసేవాడికి చెప్పుకున్నాడు. శూలగిరి దాటాక రోడ్డు మలుపులో కట్టిన ఆ ఫ్లెక్సీలో అయ్యగారి మొహం పెద్దది, సిలువ చిన్నది.

ఉపవాసం ఎందుకో సంఘంలో అందరికీ తెలుసు. ముసలి మారెమ్మకు పిల్లల్లేరు. తన మామిడి తోటను సంఘానికి ఇస్తానని, దాన్ని ఎవరి చేతిలో పెట్టేదీ ఈస్టరు రోజు చెబుతానని అంది. తిలక్ అప్పుడే ఒక ఇంజనీరును వెంటబెట్టుకొచ్చి తోటంతా చూపించాడు. ఆ తోటలో మారెమ్మ దయతో పిల్లమ్మ, పునీత్ గుడిసె వేసుకున్న చోట ఆయన కారు షెడ్డు వస్తుందట.

తోటను చూసుకోగల ఇంకో మనిషి, పాస్టరు లేనప్పుడు సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి జయరామప్ప. ఆయనకు ఫ్లెక్సీ లేదు.

“నువ్వు ఉపవాసం ఉండవా ఉపదేశీ?” అని సంఘంలోని పాపక్క అందరి ముందూ ఎగతాళి చేసింది.

“ఉంటే నీకు చెప్తానామ్మా?” అని ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు, పునీత్ మధ్యాహ్నం అన్నానికి వచ్చిన వేళ, పిల్లమ్మ ఉండబట్టలేక ఆ గది వెనక కిటికీ దగ్గరికి పోయింది. లోపల మూలుగు వినిపించింది.

“అయ్యగారూ, ఉండారా?”

“ఈ పొద్దుకు ఉండానమ్మా. రేపటి సంగతి చెప్పలేను.”

ఆమె కళ్ల ముందు కృష్ణగిరి కోర్టు, కొడుకు చేతులకు బేడీలు కదిలాయి. ఇంటికి పరుగెత్తి, రాగి ముద్ద, కోడి పులుసు స్టీలు గిన్నెలో పెట్టి, మూత వేసి, కొంగు కప్పి తెచ్చింది. ఆమె కొంగు తీయకముందే ఉంగరాల చెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చింది.

“ఇది పంపించింది దేవుడు, నువ్వు కాదు,” అన్నాడు తిలక్ నములుతూ. “బయట చెప్పినావో, నీ కొడుక్కి తగుల్తుంది. వాని పేరున ఒట్టెయ్యి.”

పిల్లమ్మ ఒట్టేసింది. ఆ తర్వాత రోజూ అదే పని. తన గుడిసె పీకేసేవాడిని తన చేత్తోనే మేపుతున్నానని ఆమెకు తెలుసు. కానీ గుడిసె పోతే ఇంకోటి వేసుకోవచ్చు, పునీత్ పోతే? తిలక్ మటుకు ఉప్పు ఎక్కువైందని ఒకరోజు, ముక్కలు తగ్గాయని ఇంకోరోజు దేవుడి తరఫున చెబుతూ ఉన్నాడు. ఆయన బయటికి తోసిన గిన్నెను కొంగులో దాచుకుని ఆమె ఒకటే నడక. మూత ఒక్కోసారి వదులుగా ఉండేది, ఒక్కోసారి బిగుసుకునేది. చూసుకునే ధైర్యం ఎక్కడిది? ఆమె కళ్లన్నీ రోడ్డు మీదే.

ఈస్టరు రోజు పునీత్ తాళం తీశాడు. తిలక్ చేతులు పైకెత్తి బయటికి వచ్చాడు. జుబ్బా పొట్ట దగ్గర బిగుసుకుపోయి ఉంది.

“చూడండి, దేవుడు నన్ను ఎట్ల నిలబెట్టినాడో,” అన్నాడు. జనం స్తోత్రం చెప్పారు.

“అవునప్పా, పోయినప్పటికన్నా బాగుండాడు,” అన్నాడు జయరామప్ప.

“నీ నోరు పడిపోను,” అంది పాపక్క.

ఆరాధన అయ్యాక ప్రేమవిందు. ఆడవాళ్లంతా బయటికి ముద్ద మోసే గిన్నెల్లోనే వంట తేవాలని, ఈగలు వాలకుండా మూతలూ తేవాలని మారెమ్మ ముందే ఇంటింటికీ చెప్పి పంపింది. విందుల్లో కలిసిపోకుండా గిన్నె మీదా మూత మీదా పేరు కొట్టించుకోవడం ఆ వైపు అలవాటు. చాప మీద గిన్నెలు వరుసగా చేరాయి. తిలక్ అందరికంటే ముందు ఆకు ముందర కూర్చున్నాడు.

“నాకు కళ్లు ఆనవు. ఎవరి వంట ఏదో చదువు జయరామప్పా,” అంది మారెమ్మ.

ఉపదేశి కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. “ఈ గిన్నె పిల్లమ్మది. మూత... పాపక్కది.”

పాపక్క తల వంచుకుంది.

“ఇది పాపక్క గిన్నె. మూత అమ్ములుది. ఇది అమ్ములు గిన్నె, మూత పిల్లమ్మది.” ఆయన వరుస చివరిదాకా పోయాడు. ఒక్క గిన్నె మీద కూడా దాని మూత లేదు.

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ప్రతి ఒక్కరి మొహంలో ఒక ఒట్టు కనిపించింది, కొడుకు పేరునో, మొగుడి పేరునో.

“పాపక్కా, నువ్వూ పిల్లమ్మా మాట్లాడుకోక రెండేండ్లు దాటింది,” అన్నాడు జయరామప్ప. “మీ మూతలు యాడ కలుసుకున్నాయమ్మా?”

తిలక్ ఆకును కొంచెం వెనక్కి తోసుకున్నాడు. పిల్లమ్మ ఒకసారి గుడిసె వైపు చూసింది, ఒకసారి కొడుకు వైపు చూసింది. ఈగలు మూతల మీద వాలి లేచాయి. పులుసు చల్లారిపోయింది.

మారెమ్మ చేతికర్ర పక్కన పెట్టి జవాబు చెప్పింది.

“ఆ కిటికీ కాడనేనప్పా, మొదటి రోజు ముద్ద పెట్టింది నేనే, నా మూత ఇంకా ఆ గదిలోనే ఉంది, అది తెచ్చిచ్చి తోట నువ్వు చూసుకో.”