వాగు లోతెంత?

ఉడుతమ్మ కూతుర్ని చేర్పిద్దామని వచ్చేసరికి తాబేలు పంతులి సర్కారు బడిలో తనిఖీ నడుస్తోంది. మేకపోతు దొర గడ్డం నిమురుకుంటూ "వాగు లోతెంత?" అని గద్దించాడు. పిల్లలంతా పుల్లలు పట్టుకుని వాగుకి పరిగెత్తారు. వాళ్ళ వెనకే ఉడుతమ్మ కూతురూ తుర్రుమంది.

"జవాబు లేదు, బడి ఖాళీ! ఫలితం సున్నా!" దొర మండిపడ్డాడు. "అవతలి బడిలో అందరూ ఒక్క గొంతుతో 'మోకాలి లోతు సార్' అన్నారు. నూటికి నూరు వేశాను."

"ఎవరి మోకాలండీ?" అన్నాడు తాబేలు.

"నాదే! ఇంకెవరిది?"

ఉడుతమ్మకి బుర్ర తిరిగిపోయింది. ఏ బడి మంచిదో తేల్చుకోలేకపోయింది.

అంతలో కూతురు తడిసిన పుల్లతో వచ్చింది. "అమ్మా, నాకంటే పొడుగు పుల్ల, మొత్తం మునిగింది! దిగుంటే పోయేదాన్నే."

ఉడుతమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"దొరగారు సున్నా ఎందుకేశారో నాకైతే అంతుబట్టలేదు పంతులుగారూ. ముందు నా పిల్లని చేర్చుకోండి."