ఇనుప ఎలుగు పక్కన

అంజవ్వ సంచి సర్దుతోంది. కారప్పొడి, మామిడికాయ తొక్కు, లుంగీలు, భర్త సారయ్య వెల్డింగ్ కళ్ళద్దాలు. సర్దినవే తీసి మళ్ళీ సర్దుతోంది. మధ్యాహ్నం జీపు వస్తుంది. సారయ్య దుబాయి పోతాడు.

ఆమెకు ఒక్కటే భయం, పోయినవాడు తిరిగి రాడేమోనని. ఆమె లేచేసరికే అతను ఇంట్లో లేడు. పోయే ముందు పక్కన కూర్చుని ఒక మాట మాట్లాడుకుందామంటే ఆ గడియ కూడా దక్కేలా లేదు.

గోడ వైపు చూసింది. కొక్కేనికి ఎలుగుబంటి వేషం లేదు.

మక్క చేను మీద కోతులు పడుతున్నాయని సారయ్య మొదట ఇనుముతోనే ఎలుగుబంటిని చేశాడు. సిద్దిపేటలో పాత ఇనుము దుకాణాలు తిరిగి ఏరుకొచ్చిన సైకిల్ చైన్లు దానికి బొచ్చయ్యాయి. నాగలి కర్రులు గోళ్ళయ్యాయి. అక్కన్నపేట నుంచి కూడా జనం వచ్చి చూసిపోయారు. కోతులు కొన్నాళ్ళు భయపడ్డాయి. తర్వాత దాని నెత్తి మీదే కూర్చుని కంకులు వలుచుకున్నాయి.

కదలని ఎలుగుకు కోతులు బెదరవని తెలిసింది. సారయ్య సిద్దిపేటలోని నాటకాల దుస్తుల దుకాణం నుంచి వేషం కిరాయికి తెచ్చాడు. అది తొడుక్కుని రోజూ ఇనుప ఎలుగు పక్కన కూర్చునేవాడు.

పక్కింటి ప్రసూన కట్టెల మోపుతో వచ్చింది.

"మా ఆయన కనవడ్డడానె?"

"చేన్లనే ఉన్నడక్కా మీ ఎలుగు. బావా అని పిలిస్తే మొఖం గూడ తిప్పలె. ఇంక ఇమానమే ఎక్కలె, అప్పుడే గంత టెక్కు."

"వేషంల ఉంటే మాట్లాడడే. కోతులు గుర్తువడ్తయంటడు."

అన్నం గిన్నె పట్టుకుని అంజవ్వ చేనుకు నడిచింది. ఇనుప ఎలుగు నిలబడి ఉంది. దాని పక్కనే, చెదల పుట్ట దగ్గర, అటు తిరిగి వంగి కూర్చుని ఉన్నాడు.

"జీపచ్చే యాల్లయింది. గిప్పుడన్న గా బొచ్చు ఇప్పరాదు?"

తల మరింత కిందికి వంచాడు.

"నా మీద కోపమా? నిన్ను పొమ్మన్నది నేను గాదు గద."

భుజాలు ఎగసిపడుతున్నాయి. ఏడుస్తున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఏడవడం ఆమె చూడలేదు. తనొక్కతే లోపల కుమిలిపోతోందనుకుంది ఇన్నాళ్ళూ.

గుండె తేలికైంది. గిన్నె గట్టు మీద పెట్టింది. మక్కల మధ్య నుంచి మెల్లగా వెళ్ళి, వెనక నుంచి ఆ భుజం మీద చెయ్యి వేసింది.

తెల్లారకముందే పట్టుకుపోయిన కిరాయి వేషాన్ని సిద్దిపేట దుకాణంలో అప్పజెప్పి సారయ్య జీపు వేళకు ఇల్లు చేరాడు. వినాయక చవితి ముందటి ఆ శుక్రవారం మక్క చేనుకు పోయిన అంజవ్వ మాత్రం తిరిగి రాలేదు.