తొమ్మిదో కవరు

"మొన్ననేగా జిగురు సీసా తెచ్చాను, అప్పుడే ఖాళీయా? తాగుతున్నావా ఏంటమ్మా?" సీసా తలకిందులు చేసి చూస్తూ అంది కూతురు.

"నీ గురించి పేపర్లో పడ్డవన్నీ పుస్తకంలో అంటిస్తున్నానుగా" అంది తల్లి, కత్తెరను కొంగుతో తుడుస్తూ.

"తిట్లు కూడానా?"

"తిట్లయినా నీ పేరుందిగా."

కూతురు బల్లమీది పేపరు తీసి వెలుగుకు పట్టింది. జల్లెడలా ఉంది. మధ్య పేజీలో మాత్రం ఒక శీర్షిక చెక్కుచెదరకుండా మిగిలింది: 'వాత పెట్టడం మానేసి వెన్న రాస్తున్నారా?'

"దీన్నొక్కదాన్నీ వదిలేశావేం?"

"చదవడం అవ్వలేదే. నేను కూడబలుక్కుని చదవాలిగా."

'వాత' కూతురు నడిపే టీవీ కార్యక్రమం. శుక్రవారం సాయంత్రం అరగంటసేపు నాయకులను ఎగతాళి చేస్తుంది. ఆరేళ్ళపాటు జనం పనులు పక్కన పెట్టి చూశారు. ఈ రెండు నెలల్లోనే పస పోయింది. కిందటి వారం మంత్రిగారి గొడుగు రంగు మీద ఏడు నిమిషాలు జోకులేశారు. మంత్రిగారు కూడా చూసి నవ్వుకున్నారట. కూతురికి అంతకంటే అవమానం లేదు.

తల్లికి మాత్రం ఆ వారం కంటినిండా నిద్రపట్టింది.

ఆమె భర్త ఓ చిన్న వారపత్రికలో బొమ్మలు గీసేవాడు. పెద్దవాళ్ళ ముక్కులు మరీ పొడుగ్గా గీసేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా ఇద్దరు మనుషులొచ్చి, "రెండు మాటలు మాట్లాడి పంపించేస్తాం" అన్నారు. ఆయన చెయ్యి కడుక్కుని, "వెళ్తున్నా" అన్నాడు. వస్తానని అనలేదు. ఆ కంచం మర్నాటిదాకా మూతపెట్టే ఉంచింది. ఏ మూలో ఆయన పేరు పడుతుందేమోనన్న ఆశతో, పొట్లాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు దిద్దుకుని పేపరు చదవడం నేర్చుకుంది. ఇరవై ఏడేళ్ళయినా ఆ పేరు పడలేదు.

"అమ్మా, ఇవాళ్టి నుంచి మళ్ళీ వాతే" అంది కూతురు జడ వేసుకుంటూ. "కూలిన వంతెన మీద చేస్తున్నా. బొమ్మ మంత్రి ఏమంటాడో తెలుసా? 'వంతెన కూలలేదు, నదికి వంగి నమస్కారం పెట్టింది' అంటాడు."

తల్లికి నవ్వు పెదాల దాకా వచ్చింది. ఆయన ఉంటే దీనికి బొమ్మ గీసేవాడు. ఆ తలపుతోనే నవ్వు ఆగిపోయింది.

"మరి ఆ ఉత్తరాలు?"

"అవే కదమ్మా మా కొంప ముంచింది! మంగళవారం మంగళవారం ఒక్కోటి. 'నోరు అదుపులో పెట్టుకో', 'నాలుక జాగ్రత్త'. ఒక్కో అక్షరం కత్తిరించి అంటించడానికి వాడికెంత ఓపిక! అవి చూసి మా నిర్మాత స్క్రిప్టులో సగం కొట్టేశాడు. అబద్ధమెందుకు, మిగతా సగం నేనే రాయడం మానేశాను."

"మానేస్తే ఏమైందే? బతికున్నావుగా. గొడుగు మీద చేసింది బాగానే ఉందిగా."

"నీకు బాగుందంటేనే తెలుస్తోంది, ఎంత చచ్చుగా ఉందో!"

సంచీ భుజాన వేసుకుని కూతురు గుమ్మం దాటింది. రోజూ ఉత్తరాల పెట్టె తీసేది తల్లే. ఈ వారం మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగలేదు. కిందినుంచి కూతురి నవ్వు వినబడింది. కవరు ఊపుకుంటూ తిరిగి పైకొచ్చింది.

"వచ్చాడమ్మా నీ అల్లుడు! మంగళవారం రాలేదేమా అనుకున్నా. ఈసారి టైపు కొట్టించాడు, జిగురు అయిపోయిందేమో పాపం. ఒకటే ముక్క. 'మేకప్ గది ఆకుపచ్చ తలుపు. గొళ్ళెం సరిగా పడదు.'"

తల్లి ఆ స్టూడియో గడప ఎన్నడూ తొక్కలేదు.

"మీ గది తలుపు... ఆకుపచ్చదా?"

"అవును. గొళ్ళెం కూడా నిజంగానే పడదు. మా ఆఫీసులో వాడేనని మొదట్నుంచీ మొత్తుకుంటున్నాగా?"

"వెళ్ళకే. నా మాట విను. ఈ ఒక్కరోజూ."

"మొదటి ఉత్తరానికీ ఇదే అన్నావు. ఇది తొమ్మిదోది. నా వెంట్రుకైనా రాలిందా? మొరిగే కుక్క కరవదమ్మా. ఎనిమిది సార్లు మొరిగాక భయం కూడా పోయింది."

"అది కాదే, అవి... నీకో సంగతి చెప్పాలి..."

"వచ్చాక చెబుదువుగాని. కార్లో డైలాగులు చూసుకోవాలి, ఫోన్ ఆపేస్తున్నా. ఊరికే చేసి కంగారుపడకు." కవరు తల్లి చేతిలో పెట్టి గబగబా మెట్లు దిగింది. "వెళ్తున్నా!"

"వెళ్ళొస్తాననవే!"

కారు తలుపు చప్పుడు మాత్రమే వినబడింది.

తల్లి ఫోన్ చేసింది. ఆగిపోయి ఉంది. మళ్ళీ చేసింది. మూడోసారీ అంతే. కూతురు పోలీసులకు చూపించాలని దాచిన ఉత్తరాల కట్ట అలమరలోంచి తీసి, కొత్తదాన్ని పక్కన పెట్టుకుని నేలమీద కూర్చుంది.

ఆ తొమ్మిదింటిలో ఎనిమిదే ఆమె అంటించినవి.