చెరువు నీళ్ల సీసా

అబ్బా నలభయ్యో రోజు ఫాతిహా ముగించుకుని షార్జా తిరిగొచ్చిన కలీం, రోలాలోని అక్క సమీనా ఇంట్లో చెరువు నీళ్ల సీసా బయటికి తీశాడు. "చనిపోయే ముందు రోజు అబ్బానే నింపినాడక్కా."

ఫ్యాక్టరీ పొగ వానతో పాటు దిగి ఊరి చెరువు నీళ్లను పులుపెక్కించింది. చేపలన్నీ చచ్చాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఊరి నుంచి ఎవరు బయల్దేరినా అబ్బా ఒక సీసా పంపేవాడు. సమీనాది నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. నీళ్ల పులుపు కొలిచే మిషన్ ఏడు చూపిస్తే చేపలు బతుకుతాయి. ఎప్పుడూ నాలుగే వచ్చేది. ముసలి ప్రాణం కుంగిపోతుందని ఆమె మూడేళ్లుగా ఫోన్లో "ఏడొచ్చింది అబ్బా" అంటూ వచ్చింది.

ల్యాబ్ నుంచి తెచ్చిన మిషన్‌ను ఇప్పుడు సీసాలో ముంచింది. ఏడు. కడిగి మళ్లీ ముంచింది. ఏడే.

"ఈసారి నిజంరా కలీం. ఇంతకుముందు చెప్పినవన్నీ అబద్ధాలు."

కలీం సీసాకు మూత బిగించాడు.

"నీ మాట నమ్మి ఏటా చేపపిల్లల్ని వదిలినాడక్కా. తెల్లారేసరికి అన్నీ తేలేవి. నీకు మాత్రం చెప్పనియ్యలేదు. 'దాని మిషన్ చెడిపోయిందేమోరా. తెలిస్తే ల్యాబ్ నడిపే ముదీరు నా బిడ్డను పనిలోంచి తీసేస్తాడు' అనేవాడు."