బేసి రోజు వరస

ఆర్నీ కోవాచ్‌కు ఆ పొద్దున లోకం మొత్తం మీద కోపంగా ఉంది.

బంకు ఇంకా కనిపించడమే లేదు. ముందు కార్లు, వెనక కార్లు. 1979 జూన్. న్యూజెర్సీ ఎండ నెత్తి మాడుస్తోంది. పెట్రోలు కరువొచ్చి ఆ ఏడు అమెరికా సగం ఇలాగే వరసల్లో నిలబడి ఒకరినొకరు తిట్టుకుంది.

ఈవేళ బేసి తేదీ. నంబరు చివర బేసి అంకె ఉన్న కార్లకే పెట్రోలు. దొరికితే ఇవాళ దొరకాలి, లేదంటే ఎల్లుండి దాకా ఆర్నీ బండి కదలదు. వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకుంటూ ఊళ్లు తిరిగేవాడికి బండి కదలకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

రేడియోలో ఒక డిస్కో పాట అయిపోయి ఇంకొకటి మొదలైంది. రెండింటికీ ఒకటే దరువు. మధ్యలో వార్తలు. ఇరాన్ గొడవలు, ఆకాశంలోంచి ఊడిపడబోతున్న అంతరిక్ష కేంద్రం స్కైలాబ్.

"పడితే ఈ బంకు మీదే పడి చావనీ" అని ఆర్నీ రేడియో కట్టేశాడు.

పొద్దున భార్యతోనూ పేచీ అయింది. తోడు రమ్మంటే షెర్లీ రానంది. "ఇక నావల్ల కాదు. నువ్వే వెళ్లి అందరిలా నిలబడు" అని మొహం మీదే తలుపు వేసింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆర్నీ హారన్ మీద గుద్దుతున్నాడు.

వరస జరిగి జరిగి, చివరికి అతని ముందు ఒక్క కారు మిగిలింది. సరిగ్గా అప్పుడే నీలం కారొకటి వరస తప్పించుకుని పక్క నుంచి వచ్చింది. బంకు వాకిట్లో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చెంపల మీద ఒత్తుగా జుట్టు పెంచిన కుర్రాడు దిగి పరిగెత్తాడు. పక్క సీట్లో నిండు కడుపుతో ఒకమ్మాయి.

"అన్నా, మా ఆవిడకు నొప్పులొస్తున్నాయి. ఆసుపత్రి దాకా పోవడానికి కాస్త పొయ్యన్నా" అని బంకు మనిషి వాల్ట్‌ను బతిమాలాడు.

వాల్ట్ గొట్టం అటు తిప్పబోయాడు. ఆర్నీకి ఒళ్లు మండిపోయింది. కారు ముందుకు దూకించి ఇద్దరి మధ్యా అడ్డం పెట్టి దిగాడు.

"పొయ్యకు వాల్ట్. అది కడుపు కాదు, దిండు."

"ఏమన్నావ్?" అన్నాడు కుర్రాడు.

"దిండన్నాను. మొన్న హార్మన్ రోడ్డు బంకులో ఇదే నాటకం. తలకు గుడ్డ, నల్ల కళ్లద్దాలు, ఇంత పొట్ట. అయ్యో పాపం అని అందరూ దారిచ్చారు. ట్యాంకు నిండా కొట్టించుకుని పోయారు. నా కళ్లతో చూశాను."

ఇలాంటి దిండు మోసాల సంగతి వరసలో అందరూ ఇదివరకే విన్నారు. కళ్లారా చూసినవాడు దొరకడం మాత్రం ఇదే మొదలు. కార్ల తలుపులు తెరుచుకున్నాయి. జనం మూగారు.

"చూసినవాడివి, అప్పుడే పట్టుకోలేకపోయావా?" అంది వెనకున్న పొడుగాటి కారు, స్టేషన్ వ్యాగన్లోంచి దిగిన మిసెస్ పల్లాడినో. చాలామంది పిల్లల్ని కని పెంచిన పెద్దావిడ.

"ఆ రోజు పోనిచ్చాను. ఈ రోజు పోనివ్వను."

అమ్మాయి మెల్లగా కారు దిగింది. ఒక చేత్తో తలుపు పట్టుకుంది, ఇంకో చెయ్యి పొట్ట కింద పెట్టుకుంది.

"అదిగో, ఆ చెయ్యి చూడండి" అన్నాడు ఆర్నీ. "దిండు జారుతుంటే అలాగే పట్టుకుంటారు. కాళ్లు ఎడంగా వేసే ఆ నడకా అంతే. ఇవన్నీ ఇంట్లో అద్దం ముందు నేర్చుకుని వస్తారు."

"నోరు ముయ్యి. పళ్లు రాలగొడతాను" అని కుర్రాడు మీదికొచ్చాడు. ఇద్దరు మగవాళ్లు అతన్ని రెక్కలు పట్టుకుని వెనక్కి లాగారు.

"గౌను ఎత్తి చూపించమనండి, తేలిపోతుంది" అన్నారెవరో. నలుగురు నవ్వారు. సిగ్గులేని నవ్వు.

అమ్మాయి ఆర్నీ మొహంలోకి సూటిగా చూసింది. "దగ్గరికొచ్చి చెయ్యి పెట్టి చూడండి" అంది.

"అక్కర్లేదు. నాకు తెలుసు" అన్నాడు ఆర్నీ.

ఆ మాట పూర్తికాకుండానే ఆమె కెవ్వుమని కూలబడింది. సిమెంటు మీద నీళ్లు పారాయి. నవ్వులు ఆగిపోయాయి.

మిసెస్ పల్లాడినో జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ వచ్చి, కడుపు మీద చెయ్యి వేసి చూసింది.

"ఆసుపత్రి దాకా ఆగదు. నా బండి వెనక తలుపు తియ్యండి, అక్కడ పడుకోబెడదాం. వాల్ట్, అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. ఏమయ్యా, నీ డబ్బా తీసి దారి ఇస్తావా, ఇంకా సాక్ష్యం చెప్తావా?"

ఆర్నీ కారెక్కి వెనక్కి తీశాడు. అతని వైపు ఎవరూ చూడలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

వ్యాగన్లో ఉత్త రేకు నేల మీద అమ్మాయి విలవిల్లాడుతోంది.

"ఈ రేకు మీద పిల్ల నడుము విరిగిపోతోంది. ఎవరి దగ్గరైనా దిండుందా?" అని అరిచింది మిసెస్ పల్లాడినో.

ఎండాకాలం, కోటు తెచ్చుకున్నవాడు కూడా లేడు. కుర్రాడు కారు కారుకూ పరిగెత్తి అద్దాల్లోంచి తొంగి చూశాడు. ఆర్నీ కారు దగ్గర మాత్రం ఆగకుండా, కింద ఉమ్మి పోయాడు. అమ్మాయి మళ్లీ అరిచింది.

ఆర్నీ ఇంజను ఆపి తాళంచెవి లాగాడు. తర్వాత దిగి వెనక్కి నడిచాడు.

అందరూ చూస్తుండగా అతను డిక్కీలోంచి తీసి తెచ్చిచ్చిన దిండుకు, నడుము చుట్టూ బిగించి కట్టుకోవడానికి షెర్లీ కుట్టిన నాడాలు నాలుగు మూలలా వేలాడుతున్నాయి.